నీళ్ళడిగానని చెప్పమన్నాడు

"నీళ్ళడిగానని ఒక్క ముక్క చెప్పుంటే ఏం పోయేదే నీకు?"

"నేను నీళ్ళు అడగలేదు కదా డాడీ."

"అడగలేదని నాకు తెలుసు, నీకు తెలుసు. ఆ టోపీ ఆవిడకెలా తెలుస్తుంది? ఆవిడకు తెలుగొచ్చా?"

"తను నన్ను అడిగింది. నేను చెప్పాను. దట్స్ ఇట్."

"దట్స్ ఇట్ అంట! ఇన్నాళ్ళ కష్టం నేలపాలు చేసి దట్స్ ఇట్ అంటోంది, చూడమ్మా నీ మనవరాలు!"

"టీవీలో ఆ ప్లేయర్ బాల్ కదిలిందని తనే చెప్పినప్పుడు నువ్వు చప్పట్లు కొట్టావు. లేచి నిలబడి కొట్టావు. నానమ్మ కూడా చూసింది."

"వాడు చెప్పి కూడా గెలిచాడే! గెలిచాడు కాబట్టి కొట్టాను!"

ఈ మాటలు మా అబ్బాయికీ వాడి కూతురికీ మధ్య చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో, మా వంటింట్లో నడిచాయి. ఎనభైల నడుమ ఒక వేసవి సాయంత్రం. నేను పొయ్యి దగ్గర పప్పుకు తాలింపు పెడుతున్నాను. అమెరికాలో ఆడవాళ్ళు ఆడే గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద పోటీ ఒకటుంది. దానికి ఎవరు పనికొస్తారో తేల్చడానికి ముందుగా అక్కడక్కడా అర్హత పోటీలు పెడతారు. కాలేజీలో చేరబోతున్న మా పిల్ల ఆ రోజు పొద్దుటి నుంచి అలాంటి పోటీలో ఆడి, ఒక్క దెబ్బ ఎక్కువై ఆగిపోయింది; ఆ ఆటలో ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్ళదే గెలుపు. ఆడింది పిల్ల. ఓడిపోయినవాడిలా ఇల్లంతా తిరుగుతున్నది వాడు.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. గోల్ఫ్ గురించి రాయడానికి ఈవిడెవరని అనుకుంటారేమో. ఆయన పోయాక నేను కొడుకు దగ్గరికి వచ్చేశాను. కోడలు ఆస్పత్రిలో నర్సు, ఆదివారాలు కూడా డ్యూటీ ఉండేది. టీవీ ఉన్న గదిలోనే వెలుతురు బాగా వచ్చేది కాబట్టి చిక్కుళ్ళు తుంపడానికీ, బియ్యం ఏరడానికీ నేను అక్కడే కూర్చునేదాన్ని. తండ్రీకూతుళ్ళు గోల్ఫ్ పెట్టుకునేవారు. కళ్ళు మూసుకుని బియ్యం ఏరలేను కదా. చూడక తప్పింది కాదు.

మామూలు వారాల్లో ఆ ఆటగాళ్ళు నవ్వుకుంటూ, జనానికి చేతులూపుతూ ఆడేవారు. పెద్ద పోటీ వారం వచ్చిందంటే అవే ముఖాలు మాడిపోయేవి. ఎందుకా అని నాకు మొదట అర్థమయ్యేది కాదు. తరవాత మా అబ్బాయే చెప్పాడు. ఆ వారం కోసం మైదానాన్ని ముందు నుంచే తయారు చేస్తారట. బంతి పోవలసిన దారిని సన్నంగా చేసి, రెండు పక్కలా గడ్డిని చీలమండ మునిగేదాకా పెంచుతారు. బంతి అందులో పడితే కర్ర చుట్టూ గడ్డి పెనవేసుకుని చెయ్యి తిరగదు. బంతిని దొర్లించి గుంటలో వేసే చోటు ఒకటుంటుంది, గ్రీన్ అంటారు. పేరే గ్రీన్. దాన్ని గొరిగి గొరిగి, నీళ్ళు మాన్పించి, గచ్చులా గట్టిపరిచి, గోధుమరంగుకు తెస్తారు. బంతిని అలా ముట్టుకుంటే చాలు, గుంట దాటి అవతలికి పోతుంది. బ్రిటన్‌లో సముద్రం ఒడ్డున ఆడే పోటీ ఒకటి మాకు పొద్దున్నే వచ్చేది. అక్కడ గడ్డితో పనిలేదు, గాలే చాలు. కొట్టిన బంతి కొట్టినవాడి వైపే తిరిగొస్తున్నట్టుండేది.

బంగారంలాంటి నేలను చేతులారా పాడుచేసి, దాని మీద ఆడమని పిలిచి, ముందు ఎవడికి కోపం వస్తుందా అని చూస్తూ కూర్చుంటారు. నాకు అర్థమైనంతలో పెద్ద పోటీ అంటే ఇదే.

ఒకసారి ఒక పొడుగాటి అందగాడు మూడు రోజులు అందరికంటే ముందున్నాడు. నాలుగో రోజు బంతి పొడుగు గడ్డిలో పడింది. పక్కకు తట్టి దారిలో వేసుకుంటే ఒక్క దెబ్బ నష్టంతో పోయేది. పౌరుషం ఒప్పుకోలేదు. చెట్ల సందులోంచి కొట్టాడు, కొమ్మకు తగిలి ఇంకా లోపలికి పోయింది. అక్కణ్ణుంచి మళ్ళీ అలాగే కొట్టాడు. ఆఖరికి కర్రను నేలకేసి బాదాడు. వాడి వెనక ఒక బొద్దుపాటి మనిషి ఆడుతున్నాడు, టీవీవాళ్ళు కూడా అతన్ని సరిగా చూపించడం లేదు. గడ్డిలో పడితే తల వంచుకుని వెళ్ళి, దారిలోకి తీసుకుని, పోయిన దెబ్బ పోయిందని నడిచేవాడు. సాయంత్రానికి కప్పు అతని చేతిలో ఉంది.

"చూశావా! గడ్డి అందరికీ ఒకటే. బుద్ధే వేరు. కోపం వచ్చిందా, పోయినట్టే!" అని మా అబ్బాయి కూతురికి పాఠం చెప్పేవాడు. ఆ పాఠం చెప్పినవాడే, గడ్డి కోసే మిషన్ రెండు లాగులకు స్టార్ట్ కాకపోతే దాన్ని కాలితో తన్నేవాడు.

బంతి కదిలిందని చెప్పిన మనిషిని చూసింది కూడా అలాంటి ఆదివారమే. అతను కర్ర పెట్టబోతుండగా గడ్డిలో బంతి వెంట్రుకవాసి కదిలిందట. పక్కవాడు చూడలేదు, టీవీలో మాకూ కనపడలేదు. చెయ్యెత్తి తనే చెప్పుకుని ఒక దెబ్బ కలిపించుకున్నాడు. మా అబ్బాయి సోఫాలోంచి లేచి చప్పట్లు కొట్టి, "మనిషంటే వాడే!" అన్నాడు. పిల్ల తండ్రి వైపు ఎంతో ఇష్టంగా చూసింది. ఆ చూపు నేను చూశాను, వాడు చూడలేదు.

వాడికి ఈ ఆట మీద అంత పట్టుదల ఎందుకొచ్చిందో చెప్పకపోతే అన్యాయం అవుతుంది. చికాగోలో ఆఫీసు, రోజూ రైలెక్కి పోయేవాడు. "శనివారం గోల్ఫ్‌కి పోయినవాళ్ళే సోమవారం మీటింగ్‌లో ఒకళ్ళను చూసి ఒకళ్ళు తలలూపుకుంటారమ్మా. నేనేం చెప్పినా అప్పటికే అయిపోయుంటుంది" అనేవాడు. అందుకని గోల్ఫ్ నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక కూడా వాళ్ళు శనివారం వీణ్ణి పిలవలేదు. మిగిలిన కసంతా పిల్ల మీదికి మళ్ళింది. దాని మొదటి కర్రలు మా వీధిలో ఎవరో పాత సామాను అమ్మకానికి పెట్టిన గరాజ్ సేల్‌లో కొన్నవి, పోయిన ముసలాయనవి. వాటిని పొట్టిగా కోయించి, పిడికి టేపు చుట్టాం.

ఆ బేరం నేనే ఆడాను. అమ్మే ఆవిడ ఎదురుగా నవ్వుతూ నిలబడి ఉంటే, "ఒరేయ్, పిడి చూడు, పాము కుబుసంలా ఊడిపోతోంది. ఈవిడ చూడబోతే వదిలించుకుంటే చాలన్నట్టుంది, సగానికి అడుగు" అన్నాను. మాకందరికీ ఉన్న అలవాటే అది. బట్టల షాపులోనైనా, డాక్టర్ ముందరైనా, పక్కింటివాళ్ళు గుమ్మంలో ఉండగానైనా మాకు కావలసింది తెలుగులో అనేసుకునేవాళ్ళం. గదికి తలుపు వేసుకున్నట్టే ఉండేది. తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎక్కడ చూసినా అంతే. ఆ తలుపును ఆటలోకి కూడా తీసుకుపోదామని వాడికి బుద్ధి పుట్టింది.

పిల్లకు తండ్రి చెయ్యి వచ్చింది గానీ తండ్రి కోపం రాలేదు. కోపం వస్తే మెడ ఎర్రబడేది, మాట పడిపోయేది, అంతే. అంతకు ముందటేడు ఒక పోటీలో తండ్రి కర్రల సంచి మోశాడు. పిల్ల బంతి ఇసకలో పడగానే వీడు సంచిని నేల మీదికి వదిలేశాడు. కర్రలు గలగలమన్నాయి, పక్కన కొట్టబోతున్న పిల్ల ఉలిక్కిపడింది. ఇంటికొచ్చాక మా పిల్ల మెల్లగా అంది: "డాడీ, నువ్వు బ్యాగ్ మోస్తే నేను ఆడను." ఆ ఆటలో సంచి మోసేవాడు తప్ప ఇంకెవరూ సలహా చెప్పకూడదట. అడిగితే అడిగినవాళ్ళకు రెండు దెబ్బలు కలుపుతారట. మా అబ్బాయి రెండు రోజులు ముఖం ముడుచుకుని, తరవాత ఉపాయం కనిపెట్టాడు. "సరే, మోయను. జనానికి కట్టిన తాడు అవతలే ఉంటా. మరీ తోచకపోతే తెలుగులో అడుగు. వీళ్ళకేం తెలుస్తుంది? మంచినీళ్ళు అడిగిందనుకుంటారు."

పిల్ల కర్రల సంచి తనే భుజానికెత్తుకుని పెరట్లోకి పోయింది.

ఆ వసంతమంతా వాడు మా పెరటిని పెద్ద పోటీ గ్రీన్‌లా తయారు చేశాడు. మిషన్‌ను ఎంత కిందికి దిగితే అంత కిందికి దించి గొరిగాడు, ఎక్కడి నుంచో రోలర్ తెచ్చి దొర్లించాడు. నీళ్ళు పెట్టనివ్వలేదు. "పెద్ద పోటీలంటే గట్టి నేల, వేగం. పిల్ల చెయ్యి దానికి అలవాటు పడాలి" అన్నాడు. బతికున్న గడ్డిని పొట్టన పెట్టుకోవడం నాకు నచ్చలేదు, చెప్పాను. "నీకు తెలీదులేమ్మా" అన్నాడు. రోజూ స్కూల్ నుంచి రాగానే పిల్ల ఆ గచ్చులాంటి నేల మీద బంతిని తాకీ తాకనట్టు తాకుతూ చీకటి పడేదాకా ఆడేది. దాని చెయ్యి పువ్వు కోసినంత మెత్తన అయింది.

పోటీ ముందు రాత్రి తెల్లవార్లూ వాన కురిసింది.

పొద్దున్నే మొక్కజొన్న చేల మధ్య నుంచి చాలా దూరం డ్రైవ్ చేసుకుని వెళ్ళాం. నేను నీళ్ళ సీసా నింపి, పులిహోర కట్టి, మడత కుర్చీ పట్టుకుని వెళ్ళాను. గడ్డి మీద అడుగు వేస్తే చెప్పు కింద నీరు చిమ్ముతోంది. గ్రీన్‌లు నిజంగానే పచ్చగా, స్పంజిలా ఉన్నాయి. వసంతమంతా మెత్తగా తాకడం నేర్చిన చెయ్యి మెత్తగానే తాకింది. బంతి ప్రతిసారీ గుంటకు జానెడు ఇవతల ఆగిపోయేది. పిల్ల వెళ్ళి మిగిలిన జానెడూ తోసి, బంతి తీసుకుని నడిచేది. టీవీలో చూసిన బొద్దుపాటి మనిషి నాకు గుర్తొచ్చాడు. తాడు అవతల మాత్రం మా అబ్బాయి, "గట్టిగా కొట్టవే, గట్టిగా!" అని పళ్ళ మధ్య నుంచి అంటున్నాడు. ఎవరో తిరిగి చూస్తే దగ్గినట్టు నటించాడు.

మధ్యాహ్నానికి పిల్ల నేలను పట్టుకుంది. దెబ్బ బలం పెంచింది. బంతులు గుంటలో పడసాగాయి. రెండో విడతలో పేర్లూ దెబ్బలూ రాసిన బోర్డు చూసొచ్చి, "ఇలాగే పోతే వచ్చేస్తుందమ్మా!" అని మా అబ్బాయి నా చెయ్యి పట్టుకున్నాడు. ముసలి వయసులో నేనూ మడత కుర్చీ వదిలేసి తాడు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అయితే ఆ లోపల ఎండ తీక్షణంగా కాసింది, గాలి లేచింది. పొద్దున స్పంజిలా ఉన్న నేల సాయంత్రానికి ఆరడం మొదలుపెట్టింది. ఒక గ్రీన్ ఆరింది, చెట్ల నీడనున్న ఇంకొక గ్రీన్ ఆరలేదు. పెద్దపెద్ద ఆటగాళ్ళ తలకాయలు తిరిగేది ఇలాంటప్పుడే.

ఆఖర్న మూడు గుంటలు మిగిలాయనగా పిల్ల గ్రీన్ మీద బంతి ముందు చాలాసేపు నిలబడింది. నేల మీద అరచెయ్యి పెట్టకూడదట, అందుకని బూటుతో అటూ ఇటూ అడుగులు వేసి చూసింది. తరవాత తల తిప్పి, తాడు వైపు చూసి, మామూలుగా ఇంట్లో అడిగినట్టే అడిగింది:

"డాడీ, ఇది ఆరిందా? గట్టిగా కొట్టనా?"

"తడిగానే ఉంది, గట్టిగానే కొట్టు!"

గట్టిగా కొట్టింది. కానీ ఆ గ్రీన్ అప్పటికే ఆరిపోయి ఉంది. బంతి గుంట పక్క నుంచి జారి, ఆగకుండా చాలా దూరం పోయింది. దాన్ని వెనక్కి తెచ్చి గుంటలో వేయడానికి మరి రెండు దెబ్బలు పట్టాయి.

అక్కడ వెడల్పాటి టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ ఉంది, చేతికి పట్టీ కట్టుకుని నియమాలు చూసే ఆవిడ. ఆవిడకు తెలుగు రాకపోవచ్చు, కానీ కళ్ళున్నాయి. పిల్ల అడగడం, తండ్రి చెప్పడం, అది విని పిల్ల కొట్టడం చూసింది. దగ్గరికి వచ్చి మర్యాదగా, మీ నాన్నను ఏమడిగావని అడిగింది. మా అబ్బాయి తాడు మీంచి వంగి, "వాటర్! షి ఆస్క్‌డ్ ఫర్ వాటర్!" అన్నాడు. ఆవిడ వాడి వైపు చూడలేదు. పిల్ల మెడ ఎర్రబడింది. నీళ్ళ సీసా దాని సంచి జేబులోంచి సగం బయటికే ఉంది. నేల గురించి అడిగానని పిల్ల చెప్పింది. రెండు దెబ్బలు కలిపారు.

మిగిలిన రెండు గుంటలూ నిబ్బరంగా ఆడింది. అది కూడా రాయాలి. ఇంకెవరూ రాయరు.

మళ్ళీ మొక్కజొన్న చేల మధ్య నుంచి ఇంటికొచ్చాం. వంటింట్లోకి వచ్చాకే మొదలైంది మొదట రాసిన గొడవ.

"అది అబద్ధమా ఏమన్నా? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పు, ఎవరికి నష్టం? ఎవడి సొమ్ము తిన్నాం?"

"నువ్వే తెలుగులో అడగమన్నావు."

"అడగమన్నాను, అడిగానని చెప్పమన్నానా?"

అంతలోనే వాడు స్వరం తగ్గించాడు. వాడి కోపం కంటే ఆ తగ్గిన స్వరానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"చూడమ్మా తల్లీ. రేపు పొద్దున ఆఫీస్ తెరవగానే ఫోన్ చేద్దాం. భయపడ్డాను, కంగారులో ఏదో చెప్పాను, నిజానికి వాటర్ అడిగాను అని చెప్పు. ఆ రెండూ తీసేస్తే నువ్వు లోపలున్నట్టే."

"నేను చెప్పను."

"అయితే నానమ్మ చెప్తుంది. అమ్మా, నువ్వు అక్కడే ఉన్నావు కదా, విన్నావు కదా. అది నీళ్ళే అడిగిందని నువ్వు తెలుగులో అను, నేను ఇంగ్లీష్‌లో చెప్తా."

"నన్ను లాగకురా. సీసా నేనే నింపాను, దాని సంచిలో పెట్టింది కూడా నేనే. చేతిలో సీసా పెట్టుకుని నిన్ను నీళ్ళెందుకు అడుగుతుంది? ఆ టోపీ ఆవిడేమన్నా గుడ్డిదా?"

"నువ్వూ వాళ్ళ వైపేనా?"

"నేను అన్నం వైపు. చేతులు కడుక్కుని రండి, ఇద్దరూ."

వాడు రాలేదు. బల్ల మీద రెండు మోచేతులూ ఆనించి, "ఆఫీస్‌లో అందరికీ చెప్పుకున్నానమ్మా" అన్నాడు. "మా అమ్మాయి టీవీలో వస్తుందని చెప్పాను. మొదటిసారి వాళ్ళే నా డెస్క్ దగ్గరికి వచ్చి అడిగారు, ఎప్పుడు, ఏ చానెల్ అని. ఇప్పుడేం చెప్పను?"

కన్నకొడుకు అలా అంటే జాలి పడాలి. పడ్డాను. కానీ జాలితో పాటే నోరంతా చేదెక్కింది. కూతురు ఆటలో ఒక మాట అడగడం తప్పు, తప్పని ఒప్పుకుంది, శిక్ష పడింది, అక్కడికి అయిపోయింది. ఆదివారం ఆదివారం సోఫాలో కూర్చుని తండ్రి నేర్పిన పాఠం ఇదే. పాఠం ఒప్పజెప్పిన పిల్లను పట్టుకుని, ఇది పాఠం కాదు పొమ్మంటే అది ఎక్కడికి పోతుంది? పొడుగు గడ్డిలో బంతి పడ్డవాడు తల వంచుకుని దారిలోకి తీసుకోవాలని చెప్పినవాడు, తన వంతు వచ్చేసరికి చెట్ల సందులోంచి కొడతానంటున్నాడు.

కోడలు డ్యూటీ దిగి వచ్చింది. సంగతి విని, "ఏవండీ, వదిలేయండి. పిల్ల పొద్దుటి నుంచి ఎండలో ఉంది, ముఖం చూడండి ఎలా ఉందో" అంది. వాడు విన్నట్టే లేడు. పిల్ల మాత్రం కంచంలో కొంచెం పప్పన్నం తిని, నా వైపు తిరిగి, "నానమ్మా, నువ్వు చెప్పు. నేను చేసింది స్టుపిడా?" అంది.

"తెలుగులో అడగడం తెలివితక్కువ" అన్నాను. "చెప్పడం కాదు."

ఇంకొంచెం మెత్తగా అని ఉండొచ్చు. నాకు అలా చేతకాదు. పిల్ల తలూపి, కంచం సింక్‌లో పెట్టి మేడ మీదికి పోయింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మా అబ్బాయి ఆఫీస్ బట్టల్లోనే వంటింటి గోడ ఫోన్ దగ్గర నిలబడి నంబర్ తిప్పాడు. పిల్ల బల్ల దగ్గర కూర్చుని పాలల్లో అటుకుల్లాంటి సీరియల్ పోసుకుని తింటోంది. వాడు వీపు మాకు తిప్పి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. నాకు అర్థమైన ముక్కలు కొన్నే: డాటర్, నెర్వస్, మిస్టేక్, వాటర్. అవతల ఏమన్నారో, ఫోన్ చెవి నుంచి తీసి పిల్ల వైపు చాపాడు. "నీతో మాట్లాడతారట" అన్నాడు.

పిల్ల చెంచా గిన్నెలో పెట్టి, లేచి, ఫోన్ తీసుకుంది. నిన్న చెప్పిందే నిజమని ఇంగ్లీషులో చెప్పింది. తరవాత కాసేపు వింది. "ఓకే. థాంక్ యూ, మ్యామ్" అని ఫోన్ గోడకు తగిలించింది.

"లిస్ట్ నిన్న రాత్రే పంపేశారట డాడీ. సైన్ చేసిన స్కోర్ మార్చరట. ఎవరేం చెప్పినా సేమ్" అంది.

మా అబ్బాయి బ్రీఫ్‌కేస్ తీసుకుని, కాఫీ తాగకుండా, తలుపు గట్టిగా వేసి రైలుకు వెళ్ళిపోయాడు. పిల్ల మిగిలిన సీరియల్ తిని, గిన్నె కడిగి బోర్లించి, తను పనిచేసే ఐస్‌క్రీం షాపుకు సైకిల్ మీద వెళ్ళింది.